మార్లవాయి నుంచి మా హాస్టల్ దాకా: ఒక చిన్న బడి ముచ్చట
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచి, "మేడమ్, యువతకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గొప్పదని మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అది వినీ వినీ మీ చెవులు నొప్పి పుట్టి ఉంటాయి. అందుకని ఒక చిన్న సర్కారు బడి గురించి, అందులో చదివే ఆడపిల్లల గురించి, ఆ బడి ఎందుకు కొంచెం వేరే తీరుగా నడుస్తున్నదో దాని గురించి చెప్తాం. చివర్లో మిమ్మల్ని కొన్ని అడుగుతాం. "మేము" అన్నప్పుడల్లా అది వార్డెన్ ఒక్కతే కాదు. మా హెచ్ఎం, మా సీఆర్టీలు, వంట చేసే అక్కలు, రాత్రి కాపలా ఉండే కాక, మా పెద్ద తరగతుల పిల్లలు, అందరం కలిసి మేము.

మా బడి కథ మా బడిలో మొదలు కాలేదు. ముందు మార్లవాయికి పోదాం.

మీలో చాలామంది ప్రతి జనవరిలో జైనూర్ మండలం మార్లవాయికి పోతారు. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర దండం పెట్టి, సభ విని, భోజనం చేసి, ఫోటోలు దిగి వస్తారు. ఆ ఊళ్లో ఒక బడి కథ ఉందని ఎంతమందికి తెలుసు?

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ కోసం గోండులు, కోలాములు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం అప్పుడు నిజాం సర్కారుకు పడింది. అలా మన గూడేలకు వచ్చిన వాడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశంలో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. మన భాష నేర్చుకున్నాడు. మన వాళ్ల భూములు ఎట్లా పోతున్నాయో చూశాడు. కచేరిలో కాగితం ఉర్దూలో ఉంటుంది, షావుకారు లెక్క మరాఠీలోనో తెలుగులోనో ఉంటుంది, మనవాడు వేలిముద్ర వేస్తాడు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి గూడెంలో ఒక్కడు లేడు. భూమి పట్టా ఇచ్చినా, దాన్ని చదివే వాడు లేకపోతే నిలవదని ఆయన గ్రహించాడు.

1943లో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. సర్కారు డబ్బుతో నడిచిన సర్కారు కేంద్రమే. కానీ అప్పటి ఏ సర్కారు బడీ నడవని తీరులో నడిచింది. బయటి నుంచి పంతుళ్లను తేవడం కాకుండా, మరాఠీలో నాలుగు అక్షరాలు వచ్చిన కొద్దిమంది గోండు యువకులను వెతికి పట్టుకుని వాళ్లనే పంతుళ్లుగా తయారు చేయాలన్నది ఆ ఆలోచన. పుస్తకాలు లేవు. గోండీలోనే వాచకాలు రాయించి నాగరి లిపిలో అచ్చు వేయించారు. పిల్లవాడు మొదటి అక్షరం తన తల్లి మాటలో చదువుతాడు, తర్వాత మిగతా భాషలకు పోతాడు. అక్కడ తయారైన యువకులు తిరిగి తమ గూడేలకు పోయి బడులు తెరిచారు. మీ వయసు వాళ్లే వాళ్లు. ఇప్పటికి 80 ఏళ్లు దాటిన మాట ఇది.

తర్వాత ఏమైంది? 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడ్డాయి. మన ప్రాంతం తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. బడుల్లోకి తెలుగు వచ్చింది, తెలుగు పంతుళ్లు వచ్చారు, గోండీ వాచకం మూలకు పోయింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది, గుర్తు పెట్టుకోండి. అదే 1956లో, అదే ఏడో రాజ్యాంగ సవరణలో, 350ఏ అనే అధికరణ చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న వాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ప్రతి రాష్ట్రం చేయాలని అందులో ఉంది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలని చెప్పింది. హక్కు కాగితం మీద ఉంది. మన పిల్ల మాత్రం తరగతి గదిలో నోరు మూసుకుని కూర్చుంది.

మాలో చాలామందిమి అలా కూర్చున్న వాళ్లమే. మా చిన్నప్పుడు హాస్టల్లో గోండీ మాట్లాడితే నవ్వేవాళ్లు, కొన్నిచోట్ల చేతి మీద బెత్తం పడేది. "ఏర్" అని అడిగితే నీళ్లు దొరకవు, "నీళ్లు" అని అడిగితేనే దొరుకుతాయి. అట్లా దాహానికి తెలుగు నేర్చుకున్నాం. టీచర్ ట్రైనింగ్‌కు పోయినప్పుడు "తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలి" అని బోధనా సూత్రం చెప్పారు. అది నోట్సులో రాసుకుంటూ మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా విషయంలో ఎవరూ తెలిసిన దాని నుంచి మొదలు పెట్టలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మళ్లీ ఒక ప్రయత్నం జరిగింది. గోండీ, కోయ, కోలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. మంచి పుస్తకాలు. మన కథలు, మన చెట్లు, మన పండుగలు ఉన్నాయి వాటిలో. కానీ అన్ని గూడేలకూ చేరలేదు, చేరిన చోట కూడా ఆ భాష వచ్చిన టీచరు ఉంటేనే నడిచింది. పుస్తకం ఒక్కటే సరిపోదు, ఆ పుస్తకం వెనక మనిషి ఉండాలి. మార్లవాయి చెప్పిందీ ఇదే.

ఇప్పుడు మా బడికి వద్దాం.

మాది ఆడపిల్లల ఆశ్రమ ఉన్నత పాఠశాల. బడీ హాస్టలూ ఒకే ఆవరణ. ఊరి పేరు చెప్పం, ఇక్కడున్న సగం మందికి ఎలాగూ తెలుసు. చిన్న బడి. పదో తరగతిలో ఏ ఏడాదీ 20 మందిని మించరు. గోండు పిల్లలు ఎక్కువ, కోలాం పిల్లలు, పర్ధాన్, తోటి, నాయకపోడ్ పిల్లలు ఉన్నారు. గేటు దగ్గర రెండు ఇప్పచెట్లు, వెనక బోరు, వర్షం వస్తే ఒక గది కారుతుంది. చూడ్డానికి అన్ని ఆశ్రమ పాఠశాలల్లాగే ఉంటుంది.

వేరే తీరు ఎక్కడ మొదలైందో చెప్తాం. కొన్నేళ్ల కింద ఆరో తరగతిలో ఒక పిల్ల చేరింది. అడవి లోపలి గూడెం నుంచి వచ్చింది. జూన్ పోయింది, జూలై పోయింది, ఆగస్టు పోయింది, ఆ పిల్ల తరగతిలో ఒక్క మాట మాట్లాడలేదు. రిజిస్టర్‌లో "వెనుకబడిన విద్యార్థి" అని రాశాం. రాసింది మేమే. ఒకరోజు సైన్స్ సార్ నీటి చక్రం చెప్తున్నాడు. ఆవిరి చల్లబడితే ఏమవుతుంది అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. పాఠం మధ్యలో ఏదో పనికి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఊరికే గోండీలో అదే ప్రశ్న ఈ పిల్లను అడిగింది. అంతే, ఈ పిల్ల లేచి నిలబడి గడగడా చెప్పింది. ఏం చెప్పింది? వాళ్ల అవ్వ పేన్ల పూజకు ఇప్పసారా వండే తీరు చెప్పింది. కింద కుండలో పులిసిన ఇప్పపువ్వు ఉడుకుతుంది. పైన కుండలో చల్లని నీళ్లు పోస్తారు. ఆవిరి పైకి పోయి ఆ చల్లని కుండ అడుగుకు తగిలి చుక్కలు చుక్కలుగా జారుతుంది. పై నీళ్లు వేడెక్కితే చుక్క పడదు, అందుకే నీళ్లు మారుస్తూ ఉండాలి. ఇంత చెప్పి కూర్చుంది.

సార్‌కు గోండీ రాదు. పెద్ద పిల్ల తెలుగులో చెప్పేసరికి ఆయన చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మంచి మనిషి. ఆ రోజు సాయంత్రం మా గదికి వచ్చి, "మేడమ్, స్వేదనం పాఠం పైతరగతిలో ఉంటుంది. ఈ పిల్లకు అది ఇప్పటికే వచ్చు. మనకే పిల్ల రాలేదు" అన్నాడు. ఆ రాత్రి రిజిస్టర్‌లో ఆ మాట కొట్టేశాం. ఆ కొట్టివేత ఇప్పటికీ ఉంది, చూపిస్తాం.

ఆ తర్వాత మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరి అనుమతీ అడగాల్సిన పనులు కావు అవి. సిలబస్ మారలేదు, పరీక్ష మారలేదు. పిల్ల దగ్గరికి పోయే దారి మార్చుకున్నాం.

మొదటిది, ఇంటి మాట. కొత్తగా చేరిన ప్రతి పిల్లకు అదే భాష వచ్చిన పెద్ద పిల్ల ఒకతె తోడు. అర్థం కాకపోతే పక్కనే అడుగుతుంది. రాత్రి భోజనం అయ్యాక ఒక గంట, స్టడీ అవర్‌కు ముందు, ఎవరి భాషలో వాళ్లు ఆ రోజు నేర్చుకున్నది చెప్పాలి. ఇక్కడ మేము ఒక తప్పు చేశాం. మొదట్లో దానికి "గోండీ గంట" అని పేరు పెట్టాం. ఆ గంటలో కోలాం పిల్లలు మూలకు కూర్చునేవాళ్లు. మనకు తెలుగు చేసిందే, మనం కోలామికి చేస్తున్నామని కొన్ని నెలలకు గానీ తెలియలేదు. పేరు మార్చి "ఇంటి మాట" అన్నాం. ఇప్పుడు కోలాం పిల్లలు పాట మొదలు పెడితే గోండు పిల్లలు అందుకుంటున్నారు.

రెండోది, మాటల నోటు. ప్రతి పిల్ల ఒక నోట్‌బుక్‌లో ఇంటి భాష మాట, తెలుగు మాట, ఇంగ్లిష్ మాట పక్కపక్కన రాస్తుంది. చెట్లు, విత్తనాలు, పురుగులు, వానల పేర్లు, వ్యవసాయ పనిముట్లు. లిపి గురించి పిల్లలు అడుగుతారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గురించి చెప్తాం. మన పెద్దలు తమ భాషను తమ లిపిలోనే రాసి దాచుకున్నారు. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో దానికి కూడా చోటుంది. ఆ అక్షరాల్లో తమ పేరు రాసుకున్న రోజు పిల్లల ముఖాలు మీరు చూడాలి. కొత్త నోట్‌బుక్ అట్ట మీద ఇప్పుడు అందరూ పేరు రెండు లిపుల్లో రాస్తారు.

మూడోది, మన లెక్క. పదో తరగతి గణితంలో సమితుల పాఠం ఉంది. పుస్తకంలో ఉదాహరణలు పిల్లలకు పట్టుబడలేదు. మా లెక్కల టీచర్ మన అమ్మాయే. బోర్డు మీద నాలుగు గుండ్రాలు గీసింది. నాల్వేన్ సగ, సివేన్ సగ, సార్వేన్ సగ, ఏర్వేన్ సగ. "ఒక మనిషి రెండు సగల్లో ఉంటుందా?" అని అడిగింది. తరగతి మొత్తం "ఉండదు" అన్నది. "అయితే వీటిని వియుక్త సమితులు అంటారు" అన్నది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మన అవ్వలు చేసే లెక్క అదే కదా. ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

నాలుగోది, వంటింటి లెక్క. ఫుడ్ కమిటీ అన్ని హాస్టళ్లలోనూ కాగితం మీద ఉంటుంది. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు వంతులవారీగా పొద్దున స్టోర్‌రూమ్‌కు వచ్చి బియ్యం, కందిపప్పు, నూనె తూకం వేసి పుస్తకంలో రాస్తారు. ఇవాళ ఎంతమంది ఉన్నారు, తలకు ఎన్ని గ్రాములు, మిగిలింది ఎంత, లెక్క వాళ్లే తేలుస్తారు. తేడా వస్తే మమ్మల్నే అడుగుతారు. ఒకసారి గట్టిగా అడిగారు కూడా. కూరగాయల బిల్లులో ఉన్నది, గంపలో ఉన్నది ఒకటి కాదని ఒక పిల్ల నిలదీసింది. కోపం వచ్చింది మొదట. తర్వాత సంతోషం వేసింది. కాగితంలో ఏముందో చదివి అడిగే మనిషి గూడెంలో లేడని కదా మార్లవాయిలో బడి పెట్టింది. ఇదిగో, ఉంది. కూరగాయలు తెచ్చే అతన్ని మార్చాం.

ఐదోది, దండారి. ఇది అన్నిటికంటే కష్టమైంది.

మీకు తెలుసు. దీపావళికి దండారి కదులుతుంది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకుంటారు. ఊరు ఊరికి విడిదికి పోతుంది. ఆ రోజుల్లో పిల్లను హాస్టల్లో కూర్చోబెట్టడం ఎవరి తరం కాదు, కూర్చోబెట్టకూడదు కూడా. కానీ దండారి అయిపోయేసరికి పత్తి పగిలి ఉంటుంది. కూలీలు దొరకరు. "ఒక్క నెల పత్తి ఏరి పంపుతాం మేడమ్" అంటారు. ఆ ఒక్క నెల తర్వాత పిల్ల ఒక్కతే రాదు. సిగ్గుపడుతుంది, పాఠాలు పోయాయని భయపడుతుంది. సంక్రాంతి వస్తుంది, పుష్యమాసంలో నాగోబా జాతర వస్తుంది. ఆ తర్వాత కేస్లాపూర్‌లో ఆ పిల్ల మెడలో నల్లపూసలతో కనిపిస్తుంది.

అందుకని మేము దండారిని పాఠంలో కలుపుకున్నాం. ముందు వచ్చే ఆదివారాల్లో అదనపు తరగతులు పెట్టి సిలబస్ కొంత ముందుకు జరుపుతాం. పోయేటప్పుడు ప్రతి పిల్లకు ఒక పని ఇస్తాం. ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని ఒక విషయం అడిగి రాసుకుని రావాలి. పర్ధాన్ తాత కిక్రి ఎట్లా చేస్తాడు, ఏ చెక్కతో, తీగ ఎక్కడిది. అమ్మమ్మ ఏ విత్తనం దాస్తుంది, పురుగు పట్టకుండా ఏం కలుపుతుంది. భూమి పట్టా ఎవరి పేర ఉంది, ఎప్పుడు వచ్చింది. వచ్చాక తరగతి ముందు నిలబడి చెప్పాలి. చెప్పాల్సింది ఉన్న పిల్ల తిరిగి వస్తుంది. అందరూ వస్తారని అబద్ధం చెప్పం. ముందుకంటే ఎక్కువమంది వస్తున్నారు.

రాని వాళ్ల కోసం మేమే పోతాం. రెండు ఊళ్ల సంగతి చెప్పి ముగింపుకు వస్తాం.

ఒక ఊళ్లో పదో తరగతి పిల్ల ఆగిపోయింది. హెచ్ఎం, వంట అక్క, మేము, ఇంకా పోయినేడు పాసై ఇంటర్ చదువుతున్న ఇద్దరు పిల్లలు, ఐదుగురం పోయాం. తండ్రి మంచి మనిషి. మంచం వేసి, నీళ్లిచ్చి, "మీరు చెప్పింది నిజమే. కానీ వాన పడితే పత్తి నల్లబడుతుంది. అప్పు షావుకారుది. పిల్లను తీసుకుపోండి, పత్తి ఎవరు ఏరతారు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. హక్కు గురించి, చట్టం గురించి మాట్లాడటానికి పోయిన వాళ్లం, పత్తి ముందు నోరు మూసుకున్నాం. అప్పుడు మాతో వచ్చిన ఇంటర్ పిల్ల ఒకతె, "కాకా, ఈ ఆదివారం, వచ్చే ఆదివారం మేమొచ్చి ఏరుతాం. రేపు అక్కను పంపు" అన్నది. అన్నట్టే ఆ ఊరి యువకులు, మా పాత విద్యార్థులు కలిసి రెండు ఆదివారాలు ఆ చేను ఏరి పెట్టారు. ఆ పిల్ల తిరిగి వచ్చింది. మార్చిలో లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీలో పాసైంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఈ సభలో ఆ ఆదివారం పత్తి ఏరిన వాళ్లు నలుగురున్నారు. పేర్లు చెప్పొద్దన్నారు. చప్పట్లు మాత్రం కొట్టండి.

ఇంకో ఊళ్లో ఇంకో పిల్ల ఆగిపోయింది. అదే నెల. అప్పుడు హాస్టల్లో జ్వరాలు, ఆడిట్, ఏవో పనులు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాం. ఇరవై రోజుల తర్వాత పోయేసరికి పెళ్లయిపోయింది. పద్దెనిమిది నిండలేదు. ఆ పిల్ల మమ్మల్ని చూసి ఇంట్లోకి పోయింది, బయటికి రాలేదు. ఆమె ట్రంకు పెట్టె మా దగ్గరే చాలాకాలం ఉంది. లోపల మాటల నోటు ఉంది. ఆ తప్పు తల్లిదండ్రులది మాత్రమే కాదు, మాది. అప్పటి నుంచి మాకు ఒకటే నియమం. సెలవు అయ్యాక మూడు రోజులు చూస్తాం, నాలుగో రోజు బయల్దేరుతాం. ఆడిట్ ఉన్నా సరే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇప్పుడు అసలు మాట.

చిన్న బడికి ఒక బలం ఉంది. ఎవరు రాలేదో సాయంత్రానికే తెలుస్తుంది. ప్రతి పిల్ల ఇంటి దారి మాకు తెలుసు. ఏ పిల్లకు ఏ నెలలో రక్తం తగ్గుతుందో వంట అక్కకు తెలుసు. కానీ చిన్న బడికి ఒక భయం కూడా ఉంది. పిల్లల సంఖ్య తగ్గితే, ఈ బడిని ఇంకో పెద్ద బడిలో కలిపేద్దామన్న మాట వస్తుంది. ఆ మాట మా దాకా కూడా వచ్చింది. సంఖ్య ఎందుకు తగ్గుతోంది? పట్నంలో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి అప్పు చేసి పంపుతున్నారు. ఎవరినీ తప్పు పట్టం. మాలో కూడా కొందరం మా సొంత పిల్లల్ని అక్కడే చదివించాం. ఆ పిల్లలకు ఇవాళ ఇంగ్లిష్ వచ్చు. అమ్మమ్మతో మాట్లాడాలంటే మేము మధ్యలో కూర్చుని అనువాదం చేయాలి. ఆ బాధ ఏమిటో మాకు తెలుసు కాబట్టే చెప్తున్నాం. ఇంగ్లిష్ రావాలి, తెలుగు రావాలి, పోటీ పరీక్ష రాయాలి, బాసర ట్రిపుల్ ఐటీకి, ములుగులో వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి మన పిల్లలు పోవాలి. కానీ వాటి కోసం ఇంటి మాట వదిలేయాల్సిన పని లేదు. ఆవిరి గురించి అవ్వ దగ్గర నేర్చుకున్న పిల్ల ఇంగ్లిష్‌లో కూడా అది చెప్పగలదు. ఇప్పుడు చెప్తోంది కూడా, ఇంటర్ బైపీసీలో ఉంది.

ఇంకో మాట. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరం జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాని మీద సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడాలి. కానీ ఆ లోపల మనం చేతులు కట్టుకుని కూర్చోలేం. డీఎడ్, బీఎడ్ చదవండి. టెట్ రాయండి. మంచి మార్కులతో రండి. మన పిల్లకు అర్థమయ్యే టీచరు కావాలంటే ఆ టీచరు మన ఇంట్లో నుంచి రావాలి. మార్లవాయిలో 1943లో వెతికితే దొరికింది కొద్దిమందే. ఇవాళ ఈ ఒక్క షామియానా కిందే డిగ్రీ చదివిన వాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి చూద్దాం. చూశారా!

మేము మీ నుంచి డబ్బు అడగడం లేదు. నాలుగు పనులు అడుగుతున్నాం.

జూన్‌లో బడిబాటకు మేము వచ్చినప్పుడు మీ గూడెంలో మాతో నడవండి. గుమ్మం ముందు మా మాట కంటే మీ మాట ఎక్కువ పని చేస్తుంది.

నెలకు ఒక ఆదివారం దగ్గర్లో ఉన్న ఆశ్రమ పాఠశాలకు పోండి, మా బడే కానక్కర్లేదు. లెక్కలు వస్తే లెక్కలు చెప్పండి, ఇంగ్లిష్ వస్తే ఇంగ్లిష్, కిక్రి వస్తే కిక్రి, తుడుం వస్తే తుడుం. ముందుగా హెచ్ఎంకు చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి.

మీ ఫోన్లలో రీల్స్ చూసే టైమ్‌లో ఒక గంట తీసి, మీ అవ్వను, తాతను రికార్డు చేయండి. పాట, కథ, మందు చెట్టు, ఊరి పేరు ఎట్లా వచ్చింది, ఏదైనా సరే. తెచ్చి మా పిల్లలకు ఇవ్వండి. వాళ్లు రాసి పెడతారు.

చివరిది. దండారి అయిపోయాక మేము ఫోన్ చేస్తాం. "ఫలానా పిల్ల రాలేదు, మీ ఊరే" అంటాం. ఆ ఫోన్ ఎత్తండి. అవసరమైతే ఒక ఆదివారం పత్తి ఏరండి. మీ చెల్లెలే అనుకోండి. నిజానికి చెల్లెలే.

పదో తరగతి తప్పిన వాళ్లు, మధ్యలో ఆగిపోయిన వాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు. తల దించుకోకండి. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టొచ్చు, ఇంటర్ కట్టొచ్చు. ఫారం నింపడం రాకపోతే మా హాస్టల్‌కు రండి, మా తొమ్మిదో తరగతి పిల్లలు నింపి పెడతారు. కాగితాలు చదవడంలో వాళ్లు గట్టివాళ్లు.

ఆ ట్రంకు పెట్టె సంగతి ఇంకొక్కటి చెప్పి కూర్చుంటాం. పోయిన జూన్‌లో ఆ పిల్ల, ఇప్పుడు ఒక బిడ్డ తల్లి, మా గేటు దగ్గరికి వచ్చింది. బిడ్డను చంకన ఎత్తుకుని, "మేడమ్, నా పెట్టె ఉందా?" అని అడిగింది. ఉంది అన్నాం. తీసి మాటల నోటు చూసుకుంది. దానిలో కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి. "ఓపెన్ టెన్త్ కట్టొచ్చా?" అన్నది. ఫారం మా పిల్లలే నింపారు. పరీక్ష రాస్తుందో లేదో, పాసవుతుందో లేదో మేము చెప్పలేం. పుస్తకాలు మాత్రం ఆ పెట్టెలోనే పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

వచ్చే జనవరిలో మార్లవాయిలో కలుద్దాం. ఈసారి ఫోటో దిగి వెళ్లిపోకండి. మీతో పాటు బడి మానిన ఒక్క పిల్లనో, పిల్లవాడినో వెంటబెట్టుకుని రండి.

అందరికీ రామ్ రామ్. జై ఆదివాసీ.